మింగుడు

నా కిటికీ వెడల్పు జానెడున్నర.
అందులోంచి చేతులు కనిపిస్తాయి, ముఖాలు కాదు.
చీటీ లోపలికి, పొట్లం బయటికి.
ఐదేళ్ల చదువంతా
ఆ సందులోంచే లోకానికి అందుతోందనుకున్నాను.

మొఖోట్లాంగ్‌లో జూలై అంటే మంచు.
మసేరు బస్సు నుంచి ఒకేరోజు దిగాం నలుగురం,
కొత్త పట్టాలు, ఇంకా మడత నలగని కోట్లు.
డాక్టరు త్సెలిసో, నర్సు దింఫో,
పడినవాళ్లకు నడక నేర్పే రెలెబొహిలే, నేను.
దారిలో ఒక్క రొట్టెనే నలుగురం తుంచుకున్నాం.
ఆస్పత్రి గేటు దాటగానే
నాలుగు తలుపులు, నాలుగు రిజిస్టర్లు.

ఏడో మంచం మీద న్తాతే సియాబాతా.
మా దగ్గర పెద్దాయన ఎవరైనా న్తాతేనే, నాన్నే.
గొర్రెల కాపరి. పక్షవాతం కుడివైపును ఎత్తుకుపోయింది,
మందను పిలిచే ఈలతో సహా.
త్సెలిసో రక్తపోటు చూశాడు. దిగలేదు. మందు పెంచాడు.
మళ్లీ చూశాడు. మళ్లీ పెంచాడు.
నేను లెక్కపెట్టి ఇచ్చాను. నా లెక్క తప్పదు.
దింఫో ఆయన అరచేతిలో పోసి
కాగితం మీద టిక్కు కొట్టింది.

గురువారం పొద్దున
నీళ్లకే పొలమారుతున్న ఆయన్ని చూసి జాలేసి
మాత్రలు నూరి జొన్నజావలో కలిపింది దింఫో.
ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పనా అది?
పెంచిన మందంతా
మొట్టమొదటిసారి ఒంట్లోకి దిగింది.
పది గంటలకు రెలెబొహిలే వచ్చి
"లేద్దామా న్తాతే" అంది.
ఆమె మాట కాదనలేక లేచాడు.
భుజం మీంచి జారే దుప్పటిలా
చప్పుడు లేకుండా కూలిపోయాడు.

నుదుటి మీద ఐదు కుట్లు.
రాత్రి టీ గదిలో
నాలుగు గొంతులు, నాలుగు కాగితాలు.
నాది సరిగ్గానే ఉంది, నాదీ సరిగ్గానే ఉంది.
నిజమే, అందరివీ సరిగ్గానే ఉన్నాయి.
మనిషే పడిపోయాడు.

అప్పుడు తుడుపుకర్ర గోడకానించి
మే మమ్ఫో ఒక అగ్గిపెట్టె బల్లమీద పెట్టింది.
ఇరవైమూడు మాత్రలు.
కొన్ని తెల్లగా, కొన్ని నాలుక తడికి సగం కరిగి.
"దుప్పటి మడతల్లో దాచుకుంటాడు.
నలుగురి ముందు దగ్గడం ఆయనకు సిగ్గు."
ముందే ఎందుకు చెప్పలేదని త్సెలిసో గొంతు పెంచాడు.
ఆమె అతని వైపు చూడలేదు, నా వైపు చూసింది.
"సోమవారం నీ కిటికీ దగ్గరికి వచ్చాను బిడ్డా.
వరసలో నిలబడమన్నావు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు.
నా పిడికిలి తెరిచి చూసుకుంటే
అందరికంటే బరువుగా ఉంది.
ఆ మాట నాకిప్పటికీ మింగుడు పడలేదు.

చాలాసేపు కెటిలే మాట్లాడింది.
తర్వాత త్సెలిసో, పట్టా తీసుకున్నాక తొలిసారి కాబోలు,
"నాకు తెలీలేదు" అన్నాడు.
ఆ మాటతో గదిలో కుర్చీలు కొంచెం జరిగాయి.
ఐదో కుర్చీ లేదు. తుడుపుబకెట్టు బోర్లించి
రెలెబొహిలే దానిమీద కూర్చుని
తన కుర్చీ మే మమ్ఫోకి ఇచ్చింది.

మేం గొప్పగా మారిపోయామని చెప్పను.
మర్నాడే దింఫోకీ నాకూ తగువైంది,
ఏ మాత్ర నూరొచ్చు, ఏది నూరకూడదు అని.
కాకపోతే ఆ తగువు ఏడో మంచం దగ్గర జరిగింది,
న్తాతే వింటుండగా, నవ్వుతుండగా, ఒకవైపు మూతితో.

పాత మోతాదుకి దించాం.
ఆయన వీపు నిలబెట్టి, గడ్డం కిందికి వంచి
ఎలా మింగాలో రెలెబొహిలే చూపించింది.
చెంచా దింఫో చేతిలో.
చెయ్యడానికి పనేమీ లేక నేను చూస్తూ నిలబడ్డాను.

గొంతులో ఆ ముడి పైకి లేచి
ఒక్క క్షణం ఆగి
కిందికి దిగింది.

వేల మాత్రలు లెక్కపెట్టాను.
ఒకటి మనిషిలోకి వెళ్లడం
ఆ రోజే చూశాను.